పాత మౌంటెన్ బైక్ ఒక పక్కకు లాగుతోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

మేడ్చల్ మండలంలోని రావల్కోల్ లాంటి ఊళ్ళలో చాలా ఇళ్ళ వసారాల్లో ఒక పాత మౌంటెన్ బైక్ గోడకు ఆని ఉంటుంది. పిల్లాడు హైస్కూల్లో చేరినప్పుడు కొన్నదో, సిటీలో ఎవరో అమ్మేస్తే సెకండ్ హ్యాండులో తెచ్చుకున్నదో అయి ఉంటుంది. గాలి కొట్టి, చైనుకు నూనె వేసి బయటికి తీస్తే తొక్కుడు బాగానే ఉంటుంది. హ్యాండిలే మాట వినదు. ఒక పక్కకు లాగుతుంది, లేదా బ్రేకు వేస్తే ముందు భాగంలో టక్కుమంటుంది, లేదా వాలులో వణుకుతుంది.

అప్పుడు ఎక్కువమంది చేసే పని పానా తీసుకుని హ్యాండిల్ దగ్గరి నట్లన్నీ బిగించడం. దాంతో అసలు లోపం పోదు, మంచిగా ఉన్న బేరింగు కూడా బిగుసుకుపోతుంది. బాధ చేతికి తెలిసేది హ్యాండిల్లోనే అయినా కారణం టైరులోనో, వెనక చక్రం ఇరుసులోనో, ఫోర్కులోనో ఉండొచ్చు. అందుకే ముందు కనిపెట్టడం, తర్వాతే బిగించడం. ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టి, విప్పాల్సినవి చివరికి ఉంచుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడిందో తెలియదు.

ఈ ప్రాంతపు సైకిళ్ళలో ముందు ఏది చెడుతుందో కూడా గుర్తుంచుకోండి. ఇక్కడ పొలాల దారులు చాలావరకు మొరం దారులు, నేల ఎర్ర చెల్క, అందులో రాతి ఇసుక. నల్లటి పాత సైకిల్‌కు రెండు చక్రాలకూ మడ్‌గార్డులు ఉండేవి. మౌంటెన్ బైక్‌కు అవి చాలాసార్లు ఉండవు. వానాకాలంలో ముందు టైరు ఎగజిమ్మే బురద నేరుగా ఫోర్కు పైన, హ్యాండిల్ గొట్టం కింద ఉండే బేరింగు కప్పుకు తగులుతుంది. నీళ్ళు లోపలి గ్రీజును కడిగేస్తాయి, ఇసుక గోలీలను అరగదీస్తుంది. పై కప్పు కొత్తదానిలా ఉన్నా కింది కప్పు పాడై ఉండటం ఇక్కడ మామూలే.

కావలసినవి

15 మిల్లీమీటర్ల పానా (చాలా సైకిళ్ళ చక్రాల నట్లకు ఇదే సరిపోతుంది), ఒక సెట్ అలెన్ కీలు, ఒక పెద్ద అడ్జస్టబుల్ పానా, మూడు మీటర్ల సన్నని పురికొస, స్కేలు, పాత గుడ్డ, కొంచెం గ్రీజు, గాలి పంపు. సైకిల్‌ను ముందు శుభ్రంగా తుడవండి. మట్టి కింద పగుళ్ళు కనిపించవు.

మెట్టు 1: రోగాన్ని మాటల్లో రాసుకోండి

"హ్యాండిల్ బాగాలేదు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. అది ఎప్పుడు వస్తోందో రాయండి. నెమ్మదిగా తొక్కినప్పుడా, వేగంలోనా? బ్రేకు వేసినప్పుడా? మలుపులోనా, తిన్నగా వెళ్ళేటప్పుడా? ఖాళీ సైకిల్‌తోనా, వెనక క్యారియర్ మీద పాల క్యానో గడ్డి మోపో పెట్టినప్పుడేనా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. బరువు వెనక ఇరుసు దాటి వెనక్కి పోయేకొద్దీ ముందు చక్రం మీద భారం తగ్గుతుంది, సైకిల్ ఊగుతుంది. హ్యాండిల్‌కు ఒక పక్కనే సంచీ తగిలిస్తే అది ఆ పక్కకే లాగుతుంది. బరువు దించి తొక్కితే బాధ పోయిందా? అయితే సైకిల్‌లో లోపం లేదు, బరువు కట్టిన తీరులో ఉంది.

తర్వాత రోడ్డును కూడా అనుమానించండి. మన తారు రోడ్లు నీళ్ళు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి. మనం ఎడమ పక్కన తొక్కుతాం కాబట్టి మంచి సైకిల్ కూడా కొద్దిగా ఎడమకు జారుతుంది. దీన్ని తేల్చే పరీక్ష సులువు. బండ్లు తిరగని చదునైన చోట, అంటే ఊళ్ళో ఖాళీగా ఉన్న సీసీ రోడ్డు మీదో, స్కూలు మైదానంలోనో ఒక గీత ఎంచుకోండి. హ్యాండిల్‌ను వేళ్ళతో తేలిగ్గా పట్టుకుని ఆ గీత మీద వెళ్ళండి. అదే గీత మీద తిరిగి రండి. వెళ్ళేటప్పుడు ఎడమకు, వచ్చేటప్పుడు కుడికి లాగితే వాలు నేలది. రెండుసార్లూ ఒకే పక్కకు లాగితే లోపం సైకిల్‌ది. చేతులు వదిలి తొక్కే సాహసం అక్కర్లేదు.

మెట్టు 2: టైర్లు

పైసా ఖర్చు లేని ఈ పరీక్షలోనే చాలా సైకిళ్ళ రోగం బయటపడుతుంది. గాలి తక్కువైన ముందు టైరు మలుపులో పక్కకు ఒరుగుతుంది, హ్యాండిల్ బరువుగా, ఆలస్యంగా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. బొటనవేలితో నొక్కి చూసే అంచనా ఈ వెడల్పాటి టైర్లకు పనికిరాదు. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో అచ్చు వేసి ఉంటుంది. 26 × 2.10 టైర్ల మీద 60–70 కిలోల మనిషి తొక్కుతుంటే ముందు 35–40 పీఎస్ఐ, వెనక 40–45 పీఎస్ఐతో మొదలుపెట్టవచ్చు, టైరు మీద రాసిన హద్దు దాటకుండా చూసుకుంటే చాలు. రాళ్ళ దారిలో మరీ ఎక్కువ గాలి ఉంటే టైరు రాయి మీద నుంచి ఎగిరి పక్కకు పడుతుంది.

ఇప్పుడు చక్రాన్ని ఎత్తి మెల్లగా తిప్పండి. రిమ్ము అంచు పక్కనే టైరు మీద చుట్టూ సన్నని గీత ఉంటుంది. అది రిమ్ముకు అంతటా ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి పోయి, ఇంకోచోట పైకి తేలితే టైరు సరిగ్గా కూర్చోలేదు. గాలి తీసి, చేత్తో సర్ది, మళ్ళీ కొట్టండి. టైరు పక్కన బుడగలా ఉబ్బితే లోపలి దారాలు తెగాయని అర్థం. అది సర్దుకునేది కాదు, ఆ టైరును మార్చేదాకా తొక్కకండి.

కొత్త టైరు కొనేటప్పుడు "26 సైజు" అని మాత్రమే అడగొద్దు. మౌంటెన్ బైక్ 26 టైరు కూర్చునే కొలత 559 మిల్లీమీటర్లు. 26 × 1⅜ అని ఉండే టైరుకు అది 590 మిల్లీమీటర్లు. రెండింటి మీదా 26 అనే ఉన్నా ఒకటి ఇంకోదానికి పట్టదు. పాత టైరు పక్కన 54-559 లాంటి సంఖ్య ఉంటుంది, దాన్ని రాసుకుని వెళ్ళండి.

మెట్టు 3: చక్రాలు తిన్నగా కూర్చున్నాయా?

సైకిల్ వెనక నిలబడి, వెనక టైరుకు రెండు పక్కలా ఉన్న ఫ్రేము గొట్టాలకు మధ్య ఖాళీ చూడండి. సమానంగా ఉండాలి. ఇరుసు ముందుకు వెనక్కు జరిగే గాడి ఉన్న సైకిళ్ళలో నట్టు లూజుగా ఉంటే, గట్టిగా తొక్కినప్పుడు చైను కుడి పక్కను ముందుకు లాగేస్తుంది. చక్రం వంకరగా నిలిచి దాని ముందు అంచు ఎడమ గొట్టం వైపు జరుగుతుంది, కొన్నిసార్లు రాసుకుంటుంది కూడా. వెనక చక్రం ఒక దిక్కు చూస్తుంటే ముందు చక్రాన్ని ఎప్పుడూ కొంచెం తిప్పి పట్టుకోవాలి. "హ్యాండిల్ లాగుతోంది" అని వచ్చే సైకిళ్ళలో ఈ కారణాన్ని చాలామంది చూడనే చూడరు. నట్లు వదులు చేసి, చక్రాన్ని మధ్యకు తెచ్చి, చైను బిగువు చూసుకుని, రెండు పక్కలా గట్టిగా బిగించండి.

ముందు చక్రానికి ఇంకా మంచి పరీక్ష ఉంది. టైరు ఫోర్కు మధ్యలో కాక ఒక పక్కకు ఉంటే చక్రాన్ని విప్పి, ఎడమ కుడి మార్చి అదే ఫోర్కులో బిగించండి. డిస్కు బ్రేకు ఉన్న చక్రానికి ఇది కుదరదు. తేడా ఇప్పుడు రెండో పక్కకు మారితే తప్పు చక్రానిది, పుల్లలు సర్ది రిమ్మును మధ్యకు తేవాలి. తేడా అదే పక్కన ఉండిపోతే తప్పు ఫోర్కుది. ఏమీ కొనకుండానే రెండు పెద్ద అనుమానాల్లో ఒకటి పోతుంది.

మెట్టు 4: వంకర, లూజు

బ్రేకు రబ్బరును కొలతగా వాడుకుని చక్రాన్ని తిప్పండి. రిమ్ము రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పక్కలకు ఊగితే వంకర తీయించాలి. పుల్లలను జతలు జతలుగా వేళ్ళతో నొక్కండి. ఒకటి రెండు మెత్తగా ఉన్నాయంటే వంకర అక్కడ మొదలవుతోంది. పుల్ల చివరి నిప్పిల్‌ను పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పితే ఇంకోచోట వంకర పుడుతుంది, చేయి తిరగనివాళ్ళు ఈ పని షాపుకు వదిలేయడం మేలు.

తర్వాత బేరింగులు. ఒక చేత్తో ఫోర్కును కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో టైరు పైభాగాన్ని పక్కలకు ఊపండి. రిమ్ము టకటకా కదిలితే హబ్బులో కోన్ (గోలీలను బిగించి ఉంచే నట్టు) లూజు. ఫోర్కును పట్టుకోకుండా ఊపితే ఆ కదలిక హ్యాండిల్ బేరింగుదో, చక్రానిదో తేలదు. వెనక చక్రానికీ ఇదే చేయండి. వెనక హబ్బు లూజుగా ఉంటే మలుపు తిరిగేటప్పుడు సైకిల్ తోక ఆలస్యంగా వస్తున్నట్టు ఉంటుంది.

గోలీల హబ్బుల్లో ముందు సాధారణంగా పక్కకు 10 చొప్పున, వెనక పక్కకు 9 చొప్పున గోలీలుంటాయి. ముందువి 3/16 అంగుళం, వెనకవి పావు అంగుళం. విప్పేటప్పుడు కింద గుడ్డ పరచి, లెక్కపెట్టుకోండి. ఒక్క గోలీ అరిగినా మొత్తం మార్చండి, పాతవీ కొత్తవీ కలిపితే భారం కొత్తవాటి మీదే పడుతుంది.

మెట్టు 5: హ్యాండిల్ బేరింగు

ఇప్పుడు హ్యాండిల్ దగ్గరికి రండి. మూడు పరీక్షలు చాలు.

లూజు పరీక్ష: ముందు బ్రేకు గట్టిగా పట్టి, సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. రెండో చేతి వేలిని కింది కప్పుకూ ఫోర్కుకూ మధ్య సందులో పెట్టండి. అక్కడ కదలిక తగిలితే బేరింగు లూజు. తగలకుండా చప్పుడు మాత్రం వస్తే, బ్రేకు కదులుతుందేమో చూడండి. సస్పెన్షన్ ఫోర్కు ఉంటే, పైన మెరిసే గొట్టం కింది కాలులోకి దిగే చోట వేలు పెట్టి మళ్ళీ ఊపండి. అక్కడ కదలిక ఉంటే లోపలి బుష్‌లు అరిగాయి. పాత చౌక ఫోర్కుల్లో ఇది చాలా మామూలు, హ్యాండిల్ ఎంత బిగించినా పోదు.

బిగువు పరీక్ష: ఫ్రేమును పట్టుకుని ముందు చక్రాన్ని గాలిలోకి ఎత్తండి. సైకిల్‌ను కొంచెం ఎడమకు వంచితే చక్రం తనంతట తానే ఎడమకు పడాలి, కుడికి వంచితే కుడికి. ఎక్కడా ఆగకూడదు. ఆగితే బేరింగు అతిగా బిగిసింది, లేదా తుప్పు పట్టింది, లేదా బ్రేకు, గేరు కేబుళ్ళు పొట్టిగా ఉండి వెనక్కి లాగుతున్నాయి. కేబుళ్ళను విడదీసి మళ్ళీ చేయండి. తేడా వస్తే కారణం దొరికినట్టే.

గుంట పరీక్ష: చక్రం ఎత్తి ఉంచి, హ్యాండిల్‌ను రెండు వేళ్ళతో చాలా మెల్లగా తిప్పండి. తిన్నగా ఉన్న చోట టక్కున గుంటలో కూర్చున్నట్టు ఆగితే, గోలీలు కప్పులో గుంటలు చేశాయి. ఏళ్ళ తరబడి తిన్నగా తొక్కుతూ స్పీడు బ్రేకర్ల మీద పడే దెబ్బలన్నీ అదే చోట తగులుతాయి. ఈ సైకిల్ తిన్నగా వెళ్ళేటప్పుడు చిన్న సవరణకు లొంగదు, గుంటలోంచి బయటపడి ఒక్కసారిగా తిరుగుతుంది, అందుకే బాట పాములా మెలికలు పోతుంది. బిగించడం వల్ల మరింత చెడుతుంది. కప్పులు, గోలీలు కలిపి సెట్ మార్చాల్సిందే.

లూజు సరిచేసే తీరు హ్యాండిల్ రకాన్ని బట్టి ఉంటుంది. పాత రకంలో ఫోర్కు గొట్టానికి మరలుంటాయి. పై తాళం నట్టు వదులు చేసి, దాని కిందనే ఉన్న పై కప్పును చేత్తో ఆగేదాకా తిప్పి, కొంచెం వెనక్కి తీసి, ఆ కప్పు కదలకుండా తాళం నట్టు బిగించాలి. కొత్త రకంలో పైన ఒక మూత బోల్టు ఉంటుంది. ముందు స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కు గొట్టానికి కలిపే ముక్క) పక్క బోల్టులు వదులు చేయాలి, తర్వాత పై బోల్టును మెల్లగా బిగించి లూజు పోగానే ఆపాలి, చక్రంతో హ్యాండిల్ తిన్నగా చేసి పక్క బోల్టులు బిగించాలి. పక్క బోల్టులు వదలకుండా పైదాన్ని ఎంత తిప్పినా పని జరగదు, మర పాడవుతుంది.

మెట్టు 6: ఫోర్కు, ఫ్రేము

దెబ్బ తిన్న సైకిల్‌ను పక్కనుంచి చూడండి. ముందు చక్రం కింది గొట్టానికి మరీ దగ్గరగా ఉంటే ఫోర్కు వెనక్కి వంగింది. ఫ్రేములో హ్యాండిల్ గొట్టం కింద, కింది గొట్టం అతుకు దగ్గర రంగు ముడతలు పడిందా, అడ్డంగా సన్నని గీత ఉందా వేలితో తడిమి చూడండి. ఉంటే ఆ సైకిల్‌ను తొక్కడం ఆపేయండి.

ఇంటి వద్ద రిపేరు చేసినవాళ్ళు ఫోర్కును వెనకది ముందుకు తిప్పి బిగించడం కూడా ఉంటుంది. ఫోర్కు కాళ్ళు కింద ముందుకు వంగి ఉండాలి, బ్రేకు రబ్బర్లు ముందు వైపు ఉండాలి. తిరగేస్తే హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపుల్లో కాలు టైరుకు తగులుతుంది. పాత సస్పెన్షన్ లేని ఫోర్కు తీసి పొడవైన సస్పెన్షన్ ఫోర్కు వేసినా నడక మారుతుంది. ఫోర్కు 20 మిల్లీమీటర్లు పొడవైతే హ్యాండిల్ గొట్టం కోణం సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. అప్పుడు నెమ్మదిగా తొక్కేటప్పుడు చక్రం పక్కలకు వాలిపోతున్నట్టు ఉంటుంది. ఇది చెడిన భాగం కాదు, తగని జత.

ఫ్రేము తిన్నగా ఉందో లేదో పురికొసతో తేలుతుంది. వెనక చక్రం తీసి, ఇరుసు కూర్చునే ఎడమ చోట పురికొస కట్టండి. దాన్ని ముందుకు లాగి, హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, కుడి చోటికి తెచ్చి బిగుతుగా కట్టండి. సీటు గొట్టానికి ఎడమ పక్కనా కుడి పక్కనా పురికొస ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. తేడా రెండు మూడు మిల్లీమీటర్లలోపు ఉంటే ఫరవాలేదు. అంతకు మించితే ఫ్రేము వంగింది. ఇనుప ఫ్రేమును అనుభవమున్న మేస్త్రీ సరిచేయగలడు. అల్యూమినియం ఫ్రేమును వంచి సరిచేయబోతే పగులుతుంది. ఏ లోహమైనా ఫోర్కుకు మాత్రం వెల్డింగ్ వద్దు. అది పరుగులో ఊడితే ముఖం మీద పడతారు.

మెట్టు 7: వేగంలో వణుకు

వాలులో సైకిల్ వేగం అందుకోగానే హ్యాండిల్ ఎడమకూ కుడికీ వేగంగా కొట్టుకుంటే గట్టిగా బిగపట్టకండి. ఆ బిగువు వణుకును పెంచుతుంది. చేతులు వదులుగా ఉంచి, మోకాలిని పై గొట్టానికి ఆనించి, వెనక బ్రేకుతో మెల్లగా వేగం తగ్గించండి. ఆ తర్వాత 1 నుంచి 5 వరకు మెట్లు మళ్ళీ చేయండి. లూజు బేరింగు, వంకర చక్రం, సరిగ్గా కూర్చోని టైరు, వెనక ఎక్కువ బరువు, సాధారణంగా వీటిలో ఒకటి ఉంటుంది. ఇవేవీ లేకపోతే ఫ్రేము పగుళ్ళు మరోసారి చూడండి.

మెట్టు 8: తొక్కి చూడటం

ఒక మార్పు చేశాక మొదట ఊళ్ళో చదును చోటే, అదే గీత మీద, రెండు వైపులా తొక్కండి. తర్వాత మొరం దారి, తర్వాతే వాలు. మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదికో, శామీర్‌పేట దగ్గరి రాజీవ్ రహదారి మీదికో పరీక్షకు వెళ్ళొద్దు. ఔటర్ రింగ్ రోడ్డు మీద సైకిళ్ళకు అనుమతే లేదు. బయలుదేరే ముందు ఇంకొకటి చూడండి. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పితే, చక్రం కదలకుండా అది ఒక్కటే జారకూడదు. పాత రకం స్టెమ్ మీద చెక్కిన గీత కనిపించేంత పైకి హ్యాండిల్ ఎత్తి ఉంటే దించండి, ఆ గీత లోపలే ఉండాలి.

షాపులో ఏమని చెప్పాలి?

మెట్లన్నీ అయ్యాక మీ దగ్గర లక్షణం కాదు, నిర్ధారణ ఉంటుంది. "అన్నా, హ్యాండిల్ లాగుతోంది, చూడు" అంటే మేస్త్రీ కూడా ముందు తాళం నట్టే బిగిస్తాడు. దానికి బదులు "చక్రం తిప్పి వేసినా తేడా అదే పక్కన ఉంది, ఫోర్కు చూడు" అనో, "తిన్నగా ఉన్నచోట హ్యాండిల్ గుంటలో పడుతోంది, కప్పులు గోలీలు మార్చు" అనో చెప్పండి. మార్చిన పాత గోలీలు, కప్పులు ఇమ్మని అడిగి తీసుకోండి. గుంట నిజంగా కప్పులో ఉందో లేదో కళ్ళతో చూస్తే తర్వాతి సారి మీ పరీక్షను మీరు ఇంకా నమ్ముతారు.

సైకిల్ మార్చాలా, బాగు చేయించాలా అన్న ప్రశ్నకు కూడా ఇదే లెక్క. గాలి, టైరు సర్దడం, చక్రం నిలపడం, గోలీలు, కప్పుల సెట్: ఇవి పాత సైకిల్‌కు కూడా పెట్టదగ్గ ఖర్చు. వంగిన ఫోర్కు ఒక్కటే అయితే సరైన పొడవు ఉన్న ఇంకో ఫోర్కు వేయించవచ్చు. ఫ్రేము పగిలితే మాత్రం దాని మీద రూపాయి పెట్టొద్దు. మంచి చక్రాలు, బ్రేకులు, సీటు విప్పి పక్కన పెట్టుకోండి, అవి ఇంకో సైకిల్‌కు పనికొస్తాయి. వానలు మొదలయ్యే ముందు ఏటా ఒకసారి కింది కప్పు విప్పి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, ముందు చక్రానికి చిన్న మడ్‌గార్డు బిగిస్తే ఈ మెట్లలో సగం మళ్ళీ ఎక్కాల్సిన అవసరం రాదు.